పాట పట్టా ఎవరి పేరున?

అడంగల్ చూసినోళ్లందరికీ తెలిసిన సంగతే. అందులో పట్టాదారు పేరుకి ఒక గడి, అనుభవదారు పేరుకి ఇంకో గడి ఉంటాయి. మన తాతలు దున్నిన భూమికి పట్టాదారు గడిలో వాళ్ల పేరు లేదు, సరే. దున్నుతున్నది వాళ్లేనని ఊరంతా కళ్లారా చూస్తున్నా అనుభవదారు గడిలో కూడా వాళ్ల పేరు పడలేదు. ఎందుకంటే కలం కరణం చేతిలో ఉండింది, కరణం రెడ్డి అరుగు మీద ఉండినాడు. 1984లో కరణాల ఉద్యోగాలు పోయినాయి గానీ ఆ గళ్లు మాత్రం చాలా ఊళ్లలో ఇప్పటికీ సరికాలేదు. ఈ గొడవ మన పాఠకులకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఈ సంచికలో పాటకు ఉన్న అడంగల్ గురించి మాట్లాడుకుందాం. పాటలో కూడా దున్నేవాడొకడు, పట్టాదారు ఇంకొకడు అవుతున్నారు. దానికి ఉదాహరణ ఎక్కడో లేదు. రేణిగుంటలో రైలెక్కితే రెండు గంటల్లోపు వచ్చే అరక్కోణంలో ఉంది.

ఆ ఊరి పిల్లోడు అరివు. పూర్తి పేరు అరివరసు కలైనేసన్. మనవాడు. మాట రాస్తాడు, వరస కడతాడు, తానే పాడతాడు. సినిమా దర్శకుడు పా. రంజిత్ పెట్టిన నీలం కల్చరల్ సెంటరూ, తెన్మా అనే సంగీతకారుడూ కలిసి తయారుచేసిన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అనే పాటల దళంలో పదిమందికీ తెలిశాడు. ఆ దళం మొదటి కచేరీ 2018 జనవరి 6న మద్రాసులో జరిగింది. పందొమ్మిది మంది. పరై కొట్టేవాళ్లు, ఉత్తర మద్రాసు వాడల 'గానా' పాడేవాళ్లు, గిటారు వాయించేవాళ్లు, రాప్ చెప్పేవాళ్లు ఒకే వేదిక ఎక్కారు. పరై అంటే మన పలక, మన డప్పు అనుకోండి. గానా అంటే చావింటి ముందు రాత్రంతా కూర్చుని పాడే పాటల్లోంచి పెరిగిన పాట. చావుకి తప్ప దేనికీ పనికిరాదని ఊరు పక్కన పడేసిన వాయిద్యాన్నీ గొంతునీ తెచ్చి, వేదిక నడిమధ్యన నిలబెట్టి, రిజర్వేషన్ గురించీ గొడ్డుమాంసం గురించీ పాడారు.

దళం పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. పండిత అయోతీదాసు (1845-1914) మనవాళ్లను కులం లేని తమిళులు అన్నాడు. ఆ మాటే దళానికి పేరయింది. అదే అయోతీదాసు 1907లో ఒక వారపత్రిక పెట్టి, వెల పైసా గనక దాని పేరే 'ఒరు పైసా తమిళన్' అన్నాడు. చందా అడిగితే మొహం తిప్పుకునే మన మిత్రులు ఈ ముక్క గుర్తుంచుకుంటే పత్రికకు మేలు.

2019లో అరివు, ఆఫ్‌రో అనే ఇంకో సంగీతకారుడు కలిసి ఒక ఆల్బమ్ తెచ్చారు. పేరు 'తెరుకురల్'. తిరువళ్లువర్ 'తిరుక్కురళ్' పేరు మనందరం విన్నదే. తమిళంలో తెరు అంటే వీధి, కురల్ అంటే గొంతు. తిరుక్కురళ్‌లో రెండక్షరాలు అటూ ఇటూ జరిపి వీధి గొంతుగా మార్చేశాడు. పండితుల అరుగు మీది మాటను వీధిలోకి దించడానికి ఇంతకంటే తేలిక దారి ఉందా?

ఆల్బమ్ అంటే మన పాత క్యాసెట్ లాంటిదే. ఒక మనిషి చెప్పదలుచుకున్న కొన్ని పాటల కట్ట. సినిమా పాటకి కథ ఒకరిది, హీరో ఒకరు, డబ్బు పెట్టేవాడు ఇంకొకడు. మాట ఎక్కడ ఎవరికి గుచ్చుకుంటుందో ముందే చూసి కోసేస్తారు. సొంతంగా తెచ్చే ఆల్బమ్‌కి ఆ కత్తెర ఉండదు. తెరుకురల్‌లో ప్రశ్నించినోడి మీద దేశద్రోహి ముద్ర కొట్టే నోళ్లకు ఒక పాట ఉంది. అన్యాయం చూస్తూ నోరు మూసుకునే దొంగ మౌనం మీద ఒక పాట ఉంది. తూత్తుకుడిలో స్టెరిలైట్ ఫ్యాక్టరీ వద్దన్న జనం మీద 2018 మే నెలలో పోలీసులు కాల్పులు జరిపితే 13 మంది చనిపోయారు. ఆ చనిపోయినోళ్లలో ఒక ఆడపిల్ల పేరు మీద ఒక పాట ఉంది. ఏ సినిమా కంపెనీ ఇవి ముట్టుకుంటుంది?

నాకు తోచింది చెబుతాను. ఆ పాటల వేగం ఎక్కువ. తమిళం ఇంట్లో మాట్లాడే నగరి, పుత్తూరు పక్కవాళ్లకు కూడా మొదటిసారి వింటే సగం మాటలు జారిపోతాయి. రాప్ పద్ధతే అంత. 1970ల్లో న్యూయార్కు నగరం బ్రాంక్స్ పేటలో నల్లవాళ్లు, వాళ్ల పక్కన బతికే బీదలు పుట్టించిన పద్ధతి అది. వాయిద్యాలు కొనే స్తోమత లేనిచోట నోటిమాటనే తాళానికి ఎక్కించారు. మన పెద్దోళ్లు దాన్ని పాటే కాదంటారు. పలక దరువు మీద మనోళ్లు గుక్క తిప్పుకోకుండా చెప్పే మాట వినుంటే అట్లా అనరు. పిల్లోళ్లు ఫోన్లలో వింటుంటే అదేదో గోల అని కసురుకోకుండా పక్కన కూర్చుని ఒకసారి వినండి.

అరివుని ప్రపంచమంతా ఎరిగింది మాత్రం ఆల్బమ్‌తో కాదు, ఒక్క పాటతో. 2021 మార్చిలో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి'. మాటలు అరివువి. పాడినవాళ్లు ధీ, అరివు. సంగీతం సంతోష్ నారాయణన్. బయటికి తెచ్చింది మాజ్జా అనే సంస్థ. యూట్యూబులో 40 కోట్ల సార్లకు పైగా చూశారు. పెళ్లిళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో మన దగ్గర కూడా మోగింది. అర్థం తెలియకుండానే ఎగిరినోళ్లు ఎక్కువ. ఆ అర్థం ఇప్పుడు చెప్పుకుందాం.

ఎంజామి అంటే 'ఎన్ సామి', నా సామీ అని. చిత్తూరు పక్క పల్లెల్లో ఈ మాట రెండు రకాలుగా వినపడుతుంది. చెప్పులు చేతపట్టుకుని వీధి దాటే కూలోడు పెద్దింటాయన్ని సామీ అన్నాడు. అదే కూలోడి పెళ్లాం ఇంటికొచ్చి మనవడికి ముద్ద పెడుతూ తిను నా సామీ అంది. ఒకే మాటలో బానిసతనమూ ఉంది, గారాబమూ ఉంది. ఈ పాటలో అవ్వ పిలిచే పిలుపు రెండోది. భూమి లేకుండా బతికిన అవ్వ, చెట్టూ చేమా కాకీ కుక్కా అందరిదీ ఈ నేల అని మనవడికి చెప్పుకుంటుంది.

ఆ అవ్వ ఉత్తిత్తి అవ్వ కాదు. అరివు సొంత అవ్వ వల్లియమ్మ. సిలోన్ తేయాకు తోటల్లో కూలి చేసి తిరిగొచ్చిన మనిషి. ఇక్కడ చరిత్ర కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే బడి పుస్తకాల్లో ఇది కనపడదు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు సిలోన్‌లో మొదట కాఫీ తోటలు, తర్వాత తేయాకు తోటలు వేశారు. పని చేయడానికి తమిళ జిల్లాల నుంచి కంగాణీల ద్వారా మనుషుల్ని తోలుకుపోయారు. అట్లా పోయినోళ్లలో అంటరాని కులాలవాళ్లు, భూమి లేని కిందికులాలవాళ్లు ఎక్కువ. మన విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మేస్త్రీల చేతికింద రంగూన్ పోయినోళ్ల కథ కూడా ఇదే రకం. అడవి కొట్టి తోట వేసింది వీళ్లు. 1948లో సిలోన్‌కి స్వతంత్రం రాగానే అక్కడి ప్రభుత్వం పౌరసత్వ చట్టం తెచ్చి వీళ్లను ఏ దేశమూ లేని వాళ్లను చేసింది. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే కూర్చుని లెక్క తేల్చారు. మొత్తం 9,75,000 మంది. అందులో 5,25,000 మంది ఇండియాకి, 3,00,000 మంది సిలోన్‌కి. మిగిలిన లక్షన్నర మంది సంగతి తర్వాత చూద్దాం అన్నారు, 1974లో సగం సగం పంచుకున్నారు. సంతలో గొడ్లను పంచుకునేటప్పుడు కూడా పళ్లూ గిట్టలూ చూస్తారు. వీళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. వంద ఏళ్లకు పైగా తరతరాలు సాగుచేసిన నేల మీద ఒక్క గడిలోనూ పేరు లేకుండా మనుషులు ఓడలెక్కి వెనక్కి వచ్చారు.

ఆ అవ్వ కథతో కట్టిన పాటకి ఏం జరిగిందో చూడండి.

2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ అనే సంగీత పత్రిక భారతీయ సంచిక అట్ట మీద ధీ బొమ్మ, షాన్ విన్సెంట్ డి పాల్ అనే కెనడా తమిళ గాయకుడి బొమ్మ వేశారు. లోపల గొప్పగా చెప్పిన పాటలు 'ఎంజాయ్ ఎంజామి', 'నీయే ఒళి'. రెండింటికీ మాట రాసిన అరివు అట్ట మీద లేడు. పా. రంజిత్ ఇదేంటని బహిరంగంగా అడిగాడు. గొడవయ్యాక ఆ పత్రికవాళ్లు అరివుతో ఇంకో అట్ట వేశారు. మరుసటి ఏడాది, 2022 జూలై 28న, చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభం. దేశ ప్రధాని కూర్చున్న సభ. ఆ వేదిక మీద ఈ పాట పాడారు, అరివు లేకుండానే. అప్పుడు అతను నోరు విప్పాడు. ఈ పాట కట్టింది, రాసింది, పాడింది నేను, ఎవరూ నాకు ఒక వరస గానీ ఒక మాట గానీ ఇవ్వలేదు, దీని కోసం నెలల తరబడి నిద్ర లేకుండా పనిచేశాను అని రాశాడు. దానికి ధీ, సంతోష్ నారాయణన్ జవాబు చెప్పారు. అరివు పేరుని మేమెప్పుడూ దాచలేదు, రాబడి ముగ్గురికీ సమానం అని వాళ్ల మాట. ఆ రోజు అరివు విదేశంలో ఉన్నాడన్న సంగతి కూడా బయటికొచ్చింది.

ఇక డబ్బు సంగతి. 2024 మార్చిలో సంతోష్ నారాయణనే వీడియో పెట్టి, మూడేళ్లయినా ఈ పాట మీద తమకెవ్వరికీ ఒక్క రూపాయి అందలేదని చెప్పాడు. సంస్థ ఆ ఆరోపణ తప్పని తోసిపుచ్చింది. ఎవరి లెక్క ఎంతో కాగితాలు తేలుస్తాయి.

నేను ఇక్కడ ధీని గానీ సంతోష్ నారాయణన్‌ని గానీ దొంగలని అనడం లేదు. వాళ్లు చెడ్డవాళ్లయితేనే మనకు అన్యాయం జరిగినట్టు, మంచివాళ్లయితే జరగనట్టు అనుకునే అలవాటు మనం మానుకోవాలి. అట్ట మీద ఎవరి బొమ్మ వేయాలి అనుకున్నప్పుడు అరక్కోణం దళితుడి మొహం ఆ ఆఫీసులో ఎవరి కళ్లకూ తట్టలేదు. ఎవరూ కుట్ర చేయనక్కరలేదు. గుడి ముందు మనం నిలబడకూడదని ఊళ్లో రోజూ ఎవరూ దండోరా వేయరు గదా, అయినా నిలబడం. ఇదీ అంతే.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. ఉద్యమంలో పనిచేసే మిత్రులు కొందరు, పాట ప్రజలది, దానికి పేరెందుకు, హక్కెందుకు, ఇదంతా వ్యాపారస్తుల గోల అంటారు. ఎర్రజెండా దళాల్లో ఈ పద్ధతి ఉండింది. రాసినవాడు పేరు పెట్టుకోడు, పెట్టినా మారుపేరు. పోలీసుల భయం ఒకటి, నేననేది వదులుకోవాలనే ఆదర్శం ఒకటి. ఆ ఆదర్శాన్ని నేను తక్కువ చేయను. కానీ వదులుకోవాలంటే ముందు చేతిలో ఉండాలి. తాతముత్తాతల పేర్లు శాసనాల మీద, పద్యాల చివర, వీధి బోర్డుల మీద ఉన్నవాడు పేరు వదులుకుంటే అది త్యాగం. 'ఒరేయ్', 'ఏమే' తప్ప పిలుపు ఎరగని వాడి కొడుకు పేరు రాసుకోకపోతే దాన్ని త్యాగం అంటామా? బడిలో చేరేనాటికి నా పేరుని హెడ్మాస్టరు తనకు తోచినట్టు కత్తిరించి రాశాడు. ఇంటిపేరు రాయలేదు. మా ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు గనక ఎవరూ అడగలేదు. పదో తరగతి సర్టిఫికెట్టులో కూడా అదే కత్తిరించిన పేరు. ఈ అనుభవం ఒక్క నాదే కాదు, ఇది చదువుతున్న సగం మందిది.

మన తెలుగులో ఈ పేర్ల లెక్క తీస్తే ఏం తేలుతుంది? 1920ల మొదట్లో గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాట రాస్తే ఊరూరా పాడారు, ఆయన జైలుకి పోయాడు, పిల్లలకు పాఠం అయింది. అది సరైనదే. అదే కాలంలో రాజమండ్రి కుసుమ ధర్మన్న నల్లదొరతనం కూడా వద్దని పాట రాశాడు. తెల్లదొర పోతే నెత్తినెక్కే మన ఊరి దొర సంగతేంటని అడిగాడు. నేను చదువుకున్న ఏ తరగతిలోనూ ధర్మన్న పేరు వినలేదు. ఉద్యోగంలో చేరినాక అంబేద్కర్ సంఘం మిత్రుల దగ్గర విన్నాను. ఇప్పుడు నా తరగతిలో ఇద్దరినీ ఒకే రోజు చెబుతాను.

'బండెనక బండి కట్టి' పాట ఎవరిదంటే ఇప్పటికీ ఎక్కువమంది గద్దర్‌దంటారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట అది. 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడాడు, ఆ గొంతులో అది జనంలోకి పోయింది. 2023లో పోయిన గద్దర్‌ని ఇందులో తప్పుపట్టేదేం లేదు, గొంతు పెద్దదైతే కట్టినవాడి పేరు ఎట్లా మరుగున పడుతుందో చెప్పడానికి అంటున్నాను. 'ఊరు మనదిరా' పాటకీ ఇదే గతి. ఎన్నో భాషల్లోకి పోయిన ఆ పాట ఎవరిదని సభల్లో అడిగితే గూడ అంజయ్య పేరు చెప్పేవాళ్లు కొందరే. 2016లో అంజయ్య చనిపోయాడు. ఊరు మనది, వాడ మనది అని లోకానికి నేర్పినవాడికి పాట మనది అని చెప్పుకునే చోటు దొరకలేదు.

హాస్టల్లో చదివే రోజుల్లో సభలకు పోతే గుడ్డ సంచిలో క్యాసెట్లు అమ్మేవాళ్లు. కారంచేడు (1985), చుండూరు (1991) మీద కట్టిన పాటలు ఆ క్యాసెట్లలోనే విన్నాం. ఒకటి కొంటే హాస్టలంతా టేపురికార్డరు చుట్టూ కూర్చునేవాళ్లం. అట్ట మీద అంబేద్కర్ బొమ్మ, సంఘం పేరు ఉండేవి. పాటలు ఎవరు రాశారో కొన్నింటి మీద ఉండేది, చాలావాటి మీద ఉండేది కాదు. ఒక క్యాసెట్ నుంచి ఇంకోదానికి ఎక్కించుకున్నాక ఆ కాస్త అట్టకూడా పోయేది. ఈరోజు ఆ పాటలు ఫోన్లో దొరుకుతున్నాయి, కింద ఏదో ఒక ఛానల్ పేరు ఉంటుంది. అనుభవదారు గడిలో ఛానలోడు కూర్చున్నాడు.

గౌరవం ఇచ్చాం గదా అంటారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకు ముందు ఏడాదే పెద్ద హీరో సినిమా పాటలో ఆయన గొంతు వినిపించింది. 2024లో అదే మొగులయ్య హైదరాబాద్ దగ్గర కట్టే బిల్డింగులో రోజుకూలి పని చేస్తూ కనపడ్డాడు. శాలువా కప్పితే చలి ఆగుతుందేమో, పాట మీద రాబడి హక్కు లేకపోతే పొయ్యి వెలగదు.

ఇది మన దేశంలోనే జరిగే పని కూడా కాదు. అమెరికాలో ఎలిజబెత్ కాటన్ అనే నల్లజాతి ఆమె ఉండేది. 1893లో పుట్టింది. ఎడమచేతివాటం మనిషి, గిటారుని తిరగేసి పట్టుకుని తనకు తానే నేర్చుకుంది. పన్నెండేళ్లప్పుడు గూడ్సు రైలు మీద ఒక పాట కట్టింది, 'ఫ్రైట్ ట్రెయిన్'. తర్వాత పెళ్లి, పిల్లలు, ఇళ్లల్లో పాచిపని. గిటారు ముట్టుకోకుండా దశాబ్దాలు గడిచాయి. వాషింగ్టన్‌లో సీగర్ అనే సంగీతకారుల ఇంట్లో పనికి కుదిరాక, గోడకున్న గిటారు తీసి వాయిస్తుంటే వాళ్లు విన్నారు. ఆ ఇంటి కూతురు పెగ్గీ సీగర్ ఆ పాటని ఇంగ్లండు తీసుకుపోయి పాడింది. అక్కడ ఇద్దరు మగవాళ్లు ఆ పాట మాదేనని హక్కు రాయించుకున్నారు. 1957లో అది ఇంగ్లండులో మోగిపోయింది. పాట కట్టిన మనిషి ఆ టైములో వాషింగ్టన్‌లో ఇల్లు తుడుస్తోంది. సీగర్ కుటుంబం నిలబడి పోరాడితే తర్వాత హక్కు ఆమెకు వచ్చింది. ఆ ఇంటి కొడుకు మైక్ సీగర్ ఆమె పాటల్ని రికార్డు చేస్తే 1958లో ఫోక్‌వేస్ అనే చిన్న కంపెనీ ఆమె మొదటి ఆల్బమ్ తెచ్చింది. అరవై దాటిన వయసులో ఆమె పేరు మొదటిసారి అట్ట మీదికెక్కింది. తొంభై దాటాక, 1985లో గ్రామీ అవార్డు వచ్చింది. ఈ కథలో నన్ను పట్టుకున్న ముక్క ఏమిటంటే, పాటని మోసుకుపోయింది ఆమె మీద ప్రేమ ఉన్నవాళ్లే. ప్రేమ ఉంటే సరిపోలేదు, కాగితం కావాల్సి వచ్చింది.

కాబట్టి కాగితం గురించి. మన పాటగాళ్లలో పదిమందిని అడిగితే తొమ్మిదిమందికి చట్టంలో తమకేముందో తెలియదు. కాపీరైట్ చట్టం 1957ది, 2012లో దానికి పెద్ద సవరణ జరిగింది. పాట రాసిన క్షణం నుంచీ దాని మీద హక్కు రాసినవాళ్లదే, రిజిస్టరు చేస్తేనే హక్కు అన్నది తప్పు. రిజిస్టరు చేస్తే రుజువు గట్టిగా ఉంటుంది, అంతే. ఆ హక్కు రాసినవాళ్లు బతికున్నంత కాలం, పోయాక 60 ఏళ్లు ఉంటుంది, అంటే పిల్లలకూ మనవలకూ చెందుతుంది. పాట ఇంకొకరికి రాసిస్తే అది కాగితం మీద సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకని కాగితంలో లేకపోతే అయిదేళ్లే. ఏ ప్రాంతానికని లేకపోతే ఇండియాకే. హక్కు రాయించుకున్నవాడు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే, కాగితంలో వేరే మాట లేనంతవరకు, హక్కు వెనక్కి వస్తుంది.

2012 సవరణలో అన్నిటికంటే గట్టిది ఇంకోటుంది. ఆల్బమ్‌లో ఉన్న పాటకి మాట రాసినవాళ్లు, వరస కట్టినవాళ్లు తమ రాయల్టీని వదులుకుంటున్నామని సంతకం పెట్టినా అది చెల్లదు. కొనుక్కున్న కంపెనీతో సమానంగా వాటా రావాల్సిందే. వారసులకో, రచయితల సొసైటీకో తప్ప ఆ వాటాని ఎవరికీ రాసివ్వడానికి లేదు. సినిమా పాటకీ ఈ రక్షణ ఉంది, హాల్లో సినిమా ఆడినప్పటి లెక్క ఒక్కటి మినహాయింపు. ఇవన్నీ డబ్బు సంగతి. పేరు సంగతి వేరే సెక్షన్, 57. పాటని మొత్తంగా అమ్మేసుకున్నా సరే, ఇది నేను రాసింది అని చెప్పుకునే హక్కు అమ్ముడుపోదు. అయిదువేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం అడిగే స్టూడియోవాళ్ల దగ్గరికి పోయేటప్పుడు మన పిల్లలు ఈ ముక్కలు తెలుసుకుని పోవాలి. తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్నవాళ్ల మనవలం మనం.

చట్టంతో తీరని చిక్కు ఒకటి మిగిలే ఉంది. రాసినవాడు ఒకడని తెలిస్తే చట్టం పనిచేస్తుంది. నాట్లప్పుడు మన అమ్మలు పాడే పాట, పీనుగ దగ్గర అవ్వలు తీసే శోకం ఎవరు కట్టారు? పేరు తెలియని పాటకి చట్టం దగ్గర యజమాని లేడు. ముందుగా స్టూడియోలో రికార్డు చేసినవాడికి ఆ రికార్డింగు మీద హక్కు వస్తుంది, పాట మీద రాదు. కానీ జనానికి ఆ తేడా ఎవరు చెప్పాలి? 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో వచ్చిన జానపదం మీద ఇదే గొడవ జరిగింది. ఆ పాటని ఊళ్లో నేర్చుకుని ముందే టీవీలో పాడిన అమ్మాయి నా సంగతేంటని అడిగితే, అప్పుడు దర్శకుడు ఆమెకు గుర్తింపిస్తామన్నాడు. ఆమె అడగకపోతే?

అరివు పాటలోనూ ఈ చిక్కు ఉంది. తమిళంలో ఒప్పారి అనే చావుపాట పోకడ, అవ్వ నోటి మాటలు, ఆమె పిలుపు, ఇవన్నీ అతను పుట్టించినవి కావు. ఆమె నుంచి వచ్చినవి. అట్లయితే అట్ట మీద నా పేరేదని అడిగినవాడు అవ్వ పేరు ఎక్కడ రాశాడని మనం అడగొచ్చు. 2024లో అతను సొంతంగా తెచ్చిన ఆల్బమ్ మొదటి భాగానికి 'వల్లియమ్మ పేరాండి' అని పేరు పెట్టాడు. అంటే వల్లియమ్మ మనవడు. తన పేరుని తనకు లేకుండా చేశారని కొట్లాడినవాడు, అట్ట తన చేతికి వచ్చినప్పుడు ముందు అవ్వ పేరు రాసి, ఆమెకు తానేమవుతాడో ఆ వరస రాసుకున్నాడు. అగ్రకులపోళ్ల సంగీతంలో గురుపరంపర చెప్పుకోవడం పెద్ద మర్యాద. చెన్నైలో మార్గళి నెల వస్తే సభాహాళ్ల నిండా అదే వినపడుతుంది. మన పరంపర తేయాకు తోటలో బుట్ట మోసిన ముసలామె దగ్గర మొదలైందని అట్ట మీద అచ్చేయడం ఇంతకు ముందు ఎంతమంది చేశారు?

ఈ పత్రికలో పాట కింద రాసినవాళ్ల పేరు మొదటి నుంచీ వేస్తూనే ఉన్నాం. వచ్చే సంచిక నుంచి ఏ ఊరు, ఏ ఏడు, వరస ఎవరి నోట విన్నది అన్నవి కూడా వేస్తాం. కారంచేడు, చుండూరు తర్వాత కట్టిన పాటలు మీ ఊళ్లలో ఇంకా పాడుతున్నారు. కట్టినవాళ్లు తెలిస్తే, వాళ్లు పోయుంటే పిల్లలు తెలిస్తే, రాసి పంపండి. సంఘం పనిమీద పల్లెలకు పోయే కార్యకర్తలు డెబ్భై దాటిన అవ్వల దగ్గరికి ముందు పోండి, వాళ్లు ఎక్కువ కాలం మన కోసం కాసుకుని కూర్చోరు. అవ్వ ఒప్పుకుంటేనే ఫోన్లో రికార్డు చేయండి. నొక్కంగానే పాట అందుకోనీయకండి. మొదట ఆమె నోటితోనే ఆమె పేరు, ఇంటిపేరు, పుట్టినూరు, మెట్టినూరు చెప్పించండి. ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో అడగండి. ఆ తర్వాత పాడమనండి.